అవమానం పని షరతు కాదు

(ధర్మనిధి స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ న్యాయవాది జీవితమంతా లేబర్ కోర్టులోనే గడిచింది. ఉద్యోగం పోయినవాళ్ల తరఫున వాదించడమే ఆయన ప్రాక్టీసు. అలాంటి కేసుల ఫైళ్లు తిరగేసినవారికి తెలుసు: అందులో చార్జిషీటు ఉంటుంది, సంజాయిషీ ఉంటుంది, విచారణాధికారి నివేదిక ఉంటుంది, చివర డిస్మిసల్ ఆర్డరు ఉంటుంది. చార్జిషీటుకు ముందు ఏడాదో రెండేళ్లో ఆ సెక్షన్లో ఏం జరిగిందన్నది మాత్రం ఉండదు. నలుగురిలో నవ్వులపాలు చేసిన సంగతి, కుర్చీ తీయించి వరండాలో వేయించిన సంగతి, చేతిలో పని లాగేసుకుని ఖాళీగా కూర్చోబెట్టిన సంగతి ఏ కాగితంలోనూ దొరకవు. ఓపిక నశించి ఒకరోజు ఆ మనిషి గట్టిగా అరిస్తే ఆ అరుపు మాత్రం ‘దుష్ప్రవర్తన’ అన్న పేరుతో ఫైలుకెక్కుతుంది.

కాగితానికెక్కని ఆ కాలం గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను. గత యాభై ఏళ్లలో దాన్ని కాగితం మీదికి తెచ్చినవాళ్లు ఒక దేశంవాళ్లు కారు, ఒక వృత్తివాళ్లూ కారు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు, వైద్యులు, పత్రికా రచయితలు, న్యాయవాదులు, కార్మిక నాయకులు, లేబర్ ఇన్‌స్పెక్టర్లు తలా ఒక చెయ్యి వేశారు. వాళ్ల ఉమ్మడి కృషి నుంచి నేను గ్రహించిందీ, ఇవాళ మీ ముందు పెట్టదలచిందీ ఒక్కటే. పనిచోట వేధింపు ఒక చెడ్డ అధికారి స్వభావం వల్ల మొదలుకావచ్చు. కానీ పని ఏర్పాటులో దానికి చోటుంటేనే నెలల తరబడి సాగుతుంది. అందువల్ల గనిలో దుమ్మునూ ఫ్యాక్టరీలో రసాయనాన్నీ కొలిచి అదుపు చేసినట్టే దీన్ని కూడా ముందుగా కొలిచి, ముందుగా ఆపాలి.

నేను వేధింపు అంటున్నది దేన్నో ముందే చెప్పుకుందాం. ఒకరోజు కోపం, ఒకసారి మాట జారడం ఇందులోకి రావు. ఎదురు చెప్పుకోలేని స్థితిలో ఉన్న మనిషిని పదేపదే, చాలాకాలం పాటు చిన్నబుచ్చడం, వెలివేయడం, పని చేయనివ్వకపోవడం ఇందులోకి వస్తాయి. లైంగిక వేధింపు కూడా ఇందులో భాగమే. అయితే దానికి మనకు ప్రత్యేక చట్టం ఉంది కనుక, చట్టం చూపు పడని మిగతా భాగం మీదే ఎక్కువ సేపు నిలుస్తాను.

1. బడి ఆవరణ నుంచి పనిచోటికి

1976లో అమెరికాలో కారొల్ బ్రాడ్‌స్కీ అనే మానసిక వైద్యుడు ‘ది హెరాస్డ్ వర్కర్’ అనే పుస్తకం ప్రచురించారు. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల్లో నష్టపరిహారం కోసం కార్మికులు పెట్టుకున్న దరఖాస్తులే ఆయనకు ముడిసరుకు. పైవాళ్లు, పక్కవాళ్లు ఎలా సతాయించారో, దానివల్ల ఒళ్లూ మనసూ ఎలా చెడిపోయాయో ఆ దరఖాస్తుల్లో ఉంది. పుస్తకం మాత్రం చాలా ఏళ్లు మరుగున పడి ఉంది. స్వీడన్‌లో ఇదే దారిలో పరిశోధన మొదలయ్యాకే పండితులు వెనక్కి తిరిగి దాన్ని వెతుక్కున్నారు.

స్వీడన్‌లో కథ బడి నుంచి మొదలైంది. పీటర్-పాల్ హైనెమన్ అనే వైద్యుడు 1969లో, పిల్లల గుంపు ఒక్క పిల్లవాడి మీద పడి ఏడిపించడం గురించి రాశారు. 1970లలో డాన్ ఓల్వేయస్ దాన్ని శాస్త్రీయంగా పరిశీలించడం మొదలుపెట్టారు. జర్మనీలో పుట్టి స్వీడన్‌లో స్థిరపడిన హైన్జ్ లేమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980లలో అదే తంతును పెద్దల పనిచోట్లలో చూశారు. బళ్లో ఒక పిల్లవాడికి జరిగిందే ఆఫీసులో నలభై ఏళ్ల గుమాస్తాకూ, ఆస్పత్రిలో నర్సుకూ జరుగుతోంది. తేడా ఏమిటంటే పిల్లవాడి తరఫున అడగడానికి తల్లిదండ్రులుంటారు. గుమాస్తా తరఫున ఎవరూ ఉండరు.

లేమన్ చేసిన గొప్ప పని ఒక పట్టిక తయారుచేయడం. బాధితులతో మాట్లాడి 45 రకాల చేష్టలను గుర్తించి ఐదు గుంపులుగా పేర్చారు: మాట్లాడనివ్వకపోవడం, వెలివేయడం, పరువు తీయడం, పనిని హీనం చేయడం, ఆరోగ్యానికి హాని తలపెట్టడం. వీటిలో ఏదో ఒకటి కనీసం వారానికోసారి, కనీసం ఆరు నెలల పాటు జరిగితే అది వేధింపని లెక్క పెట్టారు. విడిగా చూస్తే వీటిలో చాలావాటిని ఎవరూ తప్పనరు. నమస్కారానికి బదులివ్వకపోవడం నేరమా? మీటింగుకు పిలవడం మరిచిపోవడం నేరమా? వారం వారం, అదే మనిషికి, ఆరు నెలలు జరిగినప్పుడు దాని రూపం బయటపడుతుంది. ఈ కొలతతో చూస్తే స్వీడన్ ఉద్యోగుల్లో సుమారు 3.5 శాతం మంది అప్పటికి వేధింపులో ఉన్నారని ఆయన అంచనా కట్టారు.

ఆయన గమనించిన మరో సంగతి మా వైద్యులకు చేదుగా ఉంటుంది. నెలల తరబడి నలిగిన మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేసరికి అనుమానంగా, చిరాగ్గా, ఒకే విషయం మళ్లీ మళ్లీ చెబుతూ కనిపిస్తాడు. డాక్టరు దాన్ని అతని పుట్టు స్వభావంగా రాసేస్తాడు. ఆ చీటీ యాజమాన్యం చేతికి అందితే ‘మేం మొదటినుంచీ చెబుతున్నది ఇదే కదా’ అంటుంది. గాయాన్ని రోగి గుణంగా రాసిన ఆ చీటీ వేధింపుకు ఇంకో ఆయుధమవుతుంది.

లేమన్ పరిశోధన, కార్మిక సంఘాల ఒత్తిడి, పని భద్రత శాఖ శ్రద్ధ ఒకచోట కలిసిన ఫలితంగా 1993లో స్వీడన్ పనిచోట వేధింపు మీద ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 1994 మార్చి 31 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ప్రపంచంలో ఈ తరహా నిబంధనల్లో మొదటివి అవే. వాటిని పని భద్రత నిబంధనల్లో భాగంగా రాశారన్నది గమనించండి. జారిపడకుండా మెట్లకు కటకటాలు కట్టించే బాధ్యత యజమానిదైనట్టే, ఎవరినీ వెలివేయని విధంగా పనిని ఏర్పాటు చేసే బాధ్యత కూడా అతనిదే అయింది.

2. ఒక్కో వృత్తి తెచ్చిన వెలుగు

ఇంగ్లండులో ఈ విషయాన్ని జనంలోకి తెచ్చింది శాస్త్రజ్ఞులు కారు. ఆండ్రియా ఆడమ్స్ అనే పాత్రికేయురాలు 1988లో బీబీసీ రేడియోలో, ఒక బ్యాంకు ఉద్యోగులు అనుభవించిన వేధింపు మీద కార్యక్రమం చేశారు. శ్రోతల నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి. తమకే జరుగుతోందనుకుని లోలోపల కుమిలినవాళ్లకు, ఇది చాలామందికి జరుగుతోందని తెలిసింది. 1992లో నీల్ క్రాఫర్డ్ సాయంతో ఆమె తెచ్చిన పుస్తకం ఈ విషయం మీద ఆ దేశంలో తొలి పుస్తకాల్లో ఒకటి. ఉద్యోగం పోగొట్టుకుని ఆ అనుభవంతోనే 1996లో సలహాల టెలిఫోన్ లైను నడిపిన టిమ్ ఫీల్డ్ ఆ దారిలోనే వచ్చారు.

ఫ్రాన్స్‌లో ఆ పని ఒక మానసిక వైద్యురాలు చేశారు. మారీ-ఫ్రాన్స్ ఇరిగోయెన్ 1998లో రాసిన పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. రక్తం కారని హింస ఎలా ఉంటుందో తన దగ్గరికి వచ్చిన రోగుల కథల ద్వారా వివరించారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 2002 జనవరిలో, ఫ్రాన్స్ పనిచోట వేధింపును కార్మిక చట్టంలోనే కాక శిక్షాస్మృతిలో కూడా చేర్చింది. ఆ ఏడాదే బెల్జియం కూడా చట్టం చేసింది.

ఇటలీలో మిలాన్ నగరంలో 1910లో మొదలైన వృత్తివ్యాధుల ఆస్పత్రి ఉంది. సీసం విషం, సిలికా దుమ్ము తెచ్చే రోగాలను చూసిన ఆ వైద్యులే వేధింపుకు గురైనవారిని కూడా పరీక్షించారు. వారి అనుభవం ఆధారంగా 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక చిన్న మార్గదర్శి ప్రచురించింది. అంతకు ముందే, 2002లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, నర్సుల అంతర్జాతీయ మండలి, ప్రభుత్వ సేవల సంఘాల సమాఖ్య కలిసి ఆరోగ్య రంగంలో హింస మీద ఉమ్మడి మార్గదర్శకాలు తెచ్చాయి. బ్రెజిల్, బల్గేరియా, లెబనాన్, పోర్చుగల్, దక్షిణాఫ్రికా, థాయిలాండ్ వంటి దేశాల్లో జరిపిన అధ్యయనాలు వాటికి ఆధారం. దెబ్బల కంటే మాటల హింసే ఎక్కువని వాటిలో తేలింది.

అమెరికాలో బోస్టన్‌లోని సఫక్ విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ యమాడా ఇంకో దారి పట్టారు. జాతి, మతం, లింగం ఆధారంగా వేధిస్తే అక్కడ చట్టం అడ్డుకుంటుంది. అందరినీ సమానంగా వేధించే అధికారిని మాత్రం ఏమీ అనలేదు. ఆ ఖాళీ పూడ్చడానికి ఆయన ఒక బిల్లు ముసాయిదా రాశారు. 2003లో కాలిఫోర్నియాతో మొదలై అది ఎన్నో రాష్ట్రాల శాసనసభల తలుపు తట్టింది. వ్యాపార వర్గాల వ్యతిరేకత వల్ల చాలాచోట్ల అక్కడే ఆగిపోయింది. అమెరికా ఏలుబడిలోని ప్యూర్టో రికో 2020లో ఈ విషయంపై చట్టం చేసింది.

ఈ కథలన్నీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది. వైద్యుడు ఒక్కడే ఉంటే మందు రాసి పంపేస్తాడు. న్యాయవాది ఒక్కడే ఉంటే నష్టం జరిగాక వస్తాడు. పాత్రికేయుడు ఒక్కడే ఉంటే వారం రోజులు సంచలనమవుతుంది. సంస్థలో పర్సనెల్ మేనేజరు ఒక్కడే ఉంటే సంస్థను కాపాడతాడు. పరిశోధకుడు ఒక్కడే ఉంటే వ్యాసం రాసుకుంటాడు. స్వీడన్‌లో నిబంధన పుట్టడానికి పరిశోధకుడు, కార్మిక సంఘాలు, పని భద్రత శాఖ ఒక బల్ల చుట్టూ చేరాల్సివచ్చింది.

3. ఒక కొలబద్ద కోసం

దేశానికొక కొలత ఉన్నంతకాలం పోలిక కుదరదు. నార్వేలో బెర్గెన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టోలె ఐనార్సెన్ బృందం ఈ చిక్కు మీద పనిచేసింది. వాళ్లు రూపొందించిన ప్రశ్నావళి పలు భాషల్లోకి వెళ్లింది. 2009లో మాంచెస్టర్‌లోని హెల్గె హోయెల్ తదితరులతో కలిసి ప్రకటించిన సవరించిన రూపంలో 22 ప్రశ్నలున్నాయి. పనికి అవసరమైన సమాచారం మీకు అందకుండా చేస్తున్నారా, మీ స్థాయికి తక్కువ పని ఇస్తున్నారా, అసాధ్యమైన గడువు పెడుతున్నారా అని అడుగుతుందే తప్ప, ‘వేధింపు’ అన్న మాట ఆ ప్రశ్నల్లో రాదు. తాను బాధితుడినని ఒప్పుకోవడానికి మనిషికి నామోషీ. ఏం జరిగిందో చెప్పడానికి అంత నామోషీ ఉండదు.

అడిగే తీరును బట్టి అంకెలు ఎంత మారతాయో 2010లో బెర్గెన్ పరిశోధకులే లెక్క తేల్చారు. వివిధ దేశాల్లో 1,30,973 మంది మీద జరిగిన సర్వేల నుంచి 102 అంచనాలను ఒకచోట చేర్చి చూస్తే సగటు 14.6 శాతం వచ్చింది. వేధింపుకు నిర్వచనం చదివి వినిపించి ‘మీకు జరిగిందా’ అంటే 11.3 శాతం అవునన్నారు. నిర్వచనం లేకుండా అడిగితే 18.1 శాతం అవునన్నారు. ‘మా దేశంలో తక్కువ, మీ దేశంలో ఎక్కువ’ అనే గొప్పలకు ఈ లెక్క ముందు నిలవడం కష్టం. ఎవరు ఎలా అడిగారో చూడకుండా అంకెను నమ్మరాదని వీళ్లు నేర్పారు.

ఈ పరిశోధకులు రెండేళ్లకోసారి కలుసుకునే అలవాటు చేసుకున్నారు. 2004లో బెర్గెన్‌లో, 2006లో డబ్లిన్‌లో కూడారు. 2008లో కెనడాలోని మాంట్రియాల్‌లో సమావేశమైనప్పుడు పనిచోట వేధింపు మీద ఒక అంతర్జాతీయ సంఘాన్ని స్థాపించుకున్నారు. బ్రిటన్‌కు చెందిన షార్లెట్ రెయ్‌నర్ దానికి తొలి అధ్యక్షురాలు. పరిశోధకులతో పాటు చికిత్స చేసేవాళ్లకు, న్యాయం తెలిసినవాళ్లకు, శిక్షణ ఇచ్చేవాళ్లకు కూడా అందులో చోటుండటమే దాని బలం. తర్వాత కార్డిఫ్, కోపెన్‌హేగన్, మిలాన్, ఆక్లండ్ నగరాల్లో వాళ్ల సభలు జరిగాయి.

4. మనిషా, ఏర్పాటా?

ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది, నేర్చుకునే దేశంగానే కాదు, నేర్పిన దేశంగా కూడా. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆచార్యులైన ప్రెమిల్లా డిక్రూజ్, ఎర్నెస్టో నొరోన్హా ముంబయి, బెంగళూరు కాల్ సెంటర్ల ఉద్యోగులతో మాట్లాడారు. అప్పటివరకు యూరప్ పరిశోధన ఎక్కువగా ఒక వేధించే వ్యక్తి, ఒక బాధితుడు అనే చట్రంలో చూసింది. కాల్ సెంటర్లో కనిపించింది వేరు. ప్రతి సెకనూ లెక్కపెట్టే ఏర్పాటు, నిమిషం ఆలస్యానికి జీతంలో కోత, బాత్రూముకు వెళ్లాలన్నా లెక్క, అంకె తప్పితే అందరిముందూ చీవాట్లు. టీమ్ లీడరు కూడా పైనుంచి వచ్చిన అంకె కింద నలుగుతున్నవాడే. ఫలానా దుర్మార్గుడని వేలెత్తి చూపడానికి ఎవరూ లేరు. మేం ప్రొఫెషనల్స్‌మి కదా, ఇది మామూలే అని ఉద్యోగులే సర్దిచెప్పుకున్నారు. వ్యక్తి ప్రమేయం లేకుండా సంస్థే వేధించే ఈ తీరును ఆ ఆచార్యులు 2009లో సిద్ధాంతంగా ప్రతిపాదించారు. డిక్రూజ్ ఆ అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత కూడా వహించారు.

పదేళ్ల తర్వాత పారిస్ కోర్టు వేరే దారిలో అదే చోటికి చేరింది. ఫ్రాన్స్ టెలికాం ఒకప్పటి ప్రభుత్వ టెలిఫోన్ శాఖ. ప్రైవేటు చేతికి వెళ్లాక, సుమారు 1,20,000 మంది ఉద్యోగుల్లో మూడేళ్లలో 22,000 మందిని తగ్గించాలని యాజమాన్యం నిశ్చయించింది. వాళ్లలో చాలామందికి ప్రభుత్వోద్యోగి హోదా ఉంది, తీసేయడానికి వీల్లేదు. కనుక వాళ్లంతట వాళ్లే పోవాలి. సంస్థ అధిపతి దిదియే లొంబార్ 2006లో పై అధికారుల సమావేశంలో, కిటికీలోంచైనా గుమ్మంలోంచైనా పంపిస్తానన్న అర్థంలో మాట్లాడారు. ఊరుగాని ఊరికి బదిలీలు, ఏళ్ల అనుభవమున్న సాంకేతిక నిపుణుడికి ఫోన్ అమ్మకాల పని, పని ఇవ్వని బల్లలు. ఎంతమంది బయటికి పోతే మేనేజర్లకు అంత ప్రోత్సాహకం.

2007లోనే రెండు కార్మిక సంఘాలు పరిశోధకులను కలుపుకుని, ఉద్యోగుల మానసిక ఒత్తిడి మీద సొంత పరిశీలక బృందాన్ని పెట్టుకున్నాయి. ఆత్మహత్యలు వరుసకట్టాక 2009 చివర ఒక సంఘం ఫిర్యాదు చేసింది. 2010లో లేబర్ ఇన్‌స్పెక్టర్ నివేదిక ఇచ్చింది. వైద్యులు సాక్ష్యం చెప్పారు. 39 మంది ఉదంతాలను కోర్టు పరిశీలించింది: వాళ్లలో 19 మంది ప్రాణాలు తీసుకున్నవారు, 12 మంది ప్రయత్నించినవారు, ఎనిమిది మంది కుంగుబాటులో పడినవారు. 2019 డిసెంబరు 20న లొంబార్‌తో సహా ముగ్గురు పై అధికారులకు ఏడాది జైలు విధించి అందులో ఎనిమిది నెలలు నిలిపివేశారు. ఒక్కొక్కరికి 15,000 యూరోలు, సంస్థకు 75,000 యూరోలు జరిమానా. 2022లో అప్పీలు కోర్టు లొంబార్‌కు పడిన జైలు శిక్ష మొత్తాన్ని నిలిపివేసింది కానీ నేరాన్ని ఖాయం చేసింది. 2025 జనవరి 21న ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం కూడా దాన్ని సమర్థించింది.

శిక్ష చిన్నదే. తీర్పులో తేలిన సూత్రం పెద్దది. లొంబార్ ఆ 39 మందిలో చాలామందిని కంటితో చూసి ఉండకపోవచ్చు. ముఖాముఖి తిట్టినట్టు రుజువు అక్కర్లేదని, మనుషులు భరించలేని ఏర్పాటును తెలిసి అమలుచేయడమే వేధింపని కోర్టు అంది. కాల్ సెంటర్ల గురించి మన పరిశోధకులు చెప్పిందీ, టెలిఫోన్ కంపెనీ గురించి అక్కడి న్యాయమూర్తులు చెప్పిందీ వేరువేరు భాషల్లో, వేరువేరు కారణాలతో ఒకే మాట మీదికి వచ్చాయి.

5. చట్టాలు ఒకదాని నుంచి ఒకటి నేర్చుకున్నవి

1993 నాటి స్వీడన్ నిబంధన మొదటిదైనా పదునుగా ఉండేది కాదు. పాటించని యజమానికి శిక్ష లేకపోవడంతో చాలా సంస్థలు దాన్ని గోడకు అతికించి ఊరుకున్నాయని హోయెల్, ఐనార్సెన్ 2010లో విమర్శించారు. కెనడాలోని క్యుబెక్ 2004 జూన్ 1 నుంచి, సంఘం లేని ఉద్యోగికి కూడా నేరుగా ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. ఆస్ట్రేలియాలో 2014 జనవరి నుంచి, ఇంకా ఉద్యోగంలో ఉన్న మనిషి ఫెయిర్ వర్క్ కమిషన్ దగ్గరికి వెళ్లి ‘ఇది ఆపించండి’ అని కోరవచ్చు. ఆ దారిలో నష్టపరిహారం లేదు, వేధింపు ఆగడమే ఫలితం. ఉద్యోగం పోయాక న్యాయం దొరకడం కంటే, ఉద్యోగం ఉండగా ఊపిరి దొరకడం ముఖ్యమన్నది ఇందులో సారం.

‘అయితే రేపు పని చెప్పడం కూడా నేరమేనా’ అని యాజమాన్యాలు ప్రతిచోటా అడిగాయి. న్యాయమైన ప్రశ్నే. ఆస్ట్రేలియా చట్టం, సబబైన పాలనా చర్యను సబబైన పద్ధతిలో చేస్తే అది వేధింపు కాదని స్పష్టంగా రాసింది. జపాన్ ఇంకొంచెం లోతుకు వెళ్లింది. 2019 మేలో చేసిన చట్టానికి అనుబంధంగా ఆరు రకాలు చెప్పింది: కొట్టడం, మాటలతో పొడవడం, వెలివేయడం, మోయలేని పని మోపడం, చేతికి పని ఇవ్వకపోవడం, సొంత జీవితంలోకి చొరబడటం. మూడోదీ ఐదోదీ గమనించండి. తిట్టకుండా, కొట్టకుండా, పని తీసేసి మూల కూర్చోబెట్టడం కూడా హింసేనని ఒక ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంది. పెద్ద సంస్థలకు 2020 జూన్ నుంచి, చిన్నవాటికి 2022 ఏప్రిల్ నుంచి అది వర్తించింది. దక్షిణ కొరియా సవరణ 2019 జులై 16న అమల్లోకి వచ్చింది.

ఆ రెంటి మధ్యలో, 2019 జూన్ 21న, నూరేళ్లు పూర్తి చేసుకున్న అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో 190వ ఒప్పందాన్ని ఆమోదించింది. పని ప్రపంచంలో హింస, వేధింపు లేకుండా బతకడం హక్కని చెప్పిన తొలి అంతర్జాతీయ ఒప్పందం ఇది. ప్రభుత్వాలు, యజమానులు, కార్మికులు కలిసి ఓటు వేసే సభ అది. ఉరుగ్వే, ఫిజీ ముందుగా ధ్రువీకరించాక 2021 జూన్ 25న అమల్లోకి వచ్చింది. రాతకోతలున్న ఉద్యోగికే కాదు, ట్రైనీకి, ఉద్యోగం వెతుక్కునేవాడికి, రోజుకూలీకి కూడా వర్తిస్తుంది. పనిచోటు అంటే ఆఫీసు గదే కాదు, దారి ప్రయాణం, ఫోన్ సందేశం, యజమాని ఇచ్చిన వసతి కూడా. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మన ఆడవాళ్లకు పనిచోటూ, పడక చోటూ ఒకటే. ‘యజమాని ఇచ్చిన వసతి’ అన్న ఆ ఒక్క మాట విలువ వాళ్ల ఇళ్లవాళ్లకు తెలుస్తుంది.

2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, గాలప్, లాయిడ్స్ రిజిస్టర్ ఫౌండేషన్ కలిసి 121 దేశాల్లో జరిపిన సర్వే ఫలితాలు వచ్చాయి. పనిచేసే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా, 22.8 శాతం, ఏదో ఒక రకం హింసను చవిచూశారు. మానసిక హింస ఒక్కటే 17.9 శాతం. హింసను చవిచూసినవాళ్లలో సగానికి కాస్త ఎక్కువ మందే ఎవరితోనైనా చెప్పుకున్నారు. చెప్పనివాళ్లు చెప్పిన కారణాల్లో ముందున్నవి రెండు: చెప్పినా లాభం లేదు, పరువు పోతుంది.

6. మన గుమ్మం దగ్గర

తెలుగు నేల మీద 1997 గుర్తుంచుకోదగిన ఏడాది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. కొట్టకపోయినా, అవమానించడం, నవ్వులపాలు చేయడమే నేరమని అందులో రాశారు. ఆ ఆగస్టులోనే సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. పనిచోట లైంగిక వేధింపును అడ్డుకునే చట్టం దేశంలో లేదు. మహిళలపై వివక్షకు వ్యతిరేకంగా భారతదేశం ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆధారం చేసుకుని, చట్టం వచ్చేదాకా ఇవే నియమాలని కోర్టు ప్రకటించింది. ఆ చట్టం రావడానికి 2013 దాకా పట్టిందన్నది వేరే కథ. కానీ జెనీవాలోనో న్యూయార్క్‌లోనో రాసిన ఒప్పందాలు మన గుమాస్తాకు ఏం ఒరగబెడతాయని అడిగేవారికి విశాఖే జవాబు.

స్వీడన్ బడి ఆవరణ నుంచి పనిచోటికి పాతికేళ్లలో నడిచింది. మనం కాలేజీ గేటు దగ్గరే ఆగిపోయాం. మొదటి ఏడాది విద్యార్థిని అవమానిస్తే నేరం. అదే విద్యార్థి నాలుగేళ్ల తర్వాత ఉద్యోగంలో చేరాక, అదే అవమానం మేనేజరు చేస్తే ‘ట్రైనింగ్’. కులం పేరుతో జరిగితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, లైంగికమైతే 2013 చట్టం ఉంది. ఈ రెండు గీతల మధ్య పడిన మనిషికి చట్టంలో సులువుగా పట్టుకునే కొమ్మ లేదు. ప్రాణం తీసుకుంటే మాత్రం ఒకప్పటి శిక్షాస్మృతి 306వ సెక్షను, ఇప్పటి న్యాయ సంహిత 108వ సెక్షను కింద ఆత్మహత్యకు ప్రేరేపణ కేసు పెడతారు. అప్పటికి బాధితుడు ఉండడు. ప్రేరేపించే ఉద్దేశం రుజువు చేయడం కష్టం గనుక ఆ కేసు నిలవడమూ అరుదే. బతికుండగా చెప్పుకునే చోటు లేక, చచ్చాక కేసు నమోదు చేసే ఏర్పాటు ఇది.

ప్రైవేటు బ్యాంకు శాఖల్లో, కార్పొరేట్ కాలేజీల స్టాఫ్ రూముల్లో, ఐటీ కంపెనీల వారాంతపు కాల్స్‌లో, మెడికల్ కాలేజీల పీజీ డ్యూటీల్లో టార్గెట్, అడ్మిషన్లు, అప్రైజల్ అనే మాటల చాటున ఏం జరుగుతోందో ఈ సభలో ఉన్నవారికి నేను చెప్పక్కర్లేదు. అమెరికాలో ఉద్యోగానికి ముడిపడిన వీసా మీద ఉన్న మన పిల్లలకు ‘నచ్చకపోతే మానేయ్’ అన్న సలహా కూడా పనిచేయదు. మానేస్తే కొత్త యజమాని దొరకడానికి రోజులు లెక్కపెట్టుకోవాలి.

7. చేతనైన పనులు

పార్లమెంటు చట్టం చేయాలి, 190వ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించాలి. ఈ రెండూ అడుగుతూనే ఉండాలి. అవి వచ్చేదాకా మన వృత్తులకు చేతనైనవి కొన్ని ఉన్నాయి.

వైద్యులు కేసు షీటులో ఒక ప్రశ్న చేర్చవచ్చు. నిద్ర పట్టడం లేదని, గుండె దడని వచ్చిన మనిషిని బీపీతో పాటు ‘పనిచోట మీతో ఎలా ఉంటున్నారు’ అని అడిగి, జవాబును తేదీతో సహా రాసిపెట్టాలి. లేబర్ కోర్టు ఫైలులో లేని ఆ రెండేళ్ల చరిత్రకు అది మొదటి సాక్ష్యం.

విశ్వవిద్యాలయాల మనస్తత్వశాస్త్ర, సామాజిక శాస్త్ర విభాగాలు తెలుగు ఉద్యోగుల మీద పరీక్షించి స్థిరపరచిన ప్రశ్నావళి ఇవ్వాలి. కులం, ప్రాంతం, యాస, కాంట్రాక్టు హోదా పేరుతో జరిగే చిన్నచూపును బెర్గెన్ ప్రశ్నలు ఊహించలేవు. వాటిని మనమే కలపాలి.

2013 చట్టం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలంది, అందులో బయటి సభ్యులు ఒకరు తప్పనిసరి అంది, 90 రోజుల్లో విచారణ ముగియాలంది. ఆ బయటి మనిషే కమిటీకి ప్రాణం. అదే పద్ధతిలో, లింగభేదం లేకుండా, సాధారణ వేధింపు ఫిర్యాదులు తీసుకునే కమిటీని ఏ సంస్థ అయినా తన సేవా నిబంధనల్లో రాసుకోవచ్చు. కార్మిక సంఘాలు వేతన ఒప్పందాల చర్చలో దీన్ని ఒక అంశంగా పెట్టవచ్చు. తమ సభ్యుడే ఇంకో సభ్యుడిని వేధించినప్పుడు ఎవరి పక్షం అన్న ఇబ్బందికర ప్రశ్నకు కూడా సంఘాలు ముందే జవాబు రాసుకోవాలి.

ఆ కమిటీలు ఒక్క ఫిర్యాదునూ ఒంటరిగా చూడకూడదు. ఒకే సెక్షను నుంచి మూడేళ్లలో ఐదుగురు వెళ్లిపోయారంటే, ఐదుగురి సహనశక్తి గురించి కాక ఆ సెక్షన్లో పని పంచే తీరు, టార్గెట్ పెట్టే తీరు, జవాబు అడిగే తీరు గురించి విచారించాలి. పారిస్ తీర్పు నుంచి మనం తీసుకోవలసింది ఇది.

చివరగా ఈ ధర్మనిధి నిర్వాహకులకు ఒక మనవి. ఏటా ఒక ఉపన్యాసం ఏర్పాటు చేస్తున్నారు, సంతోషం. ఈ ఏడాది దానికి తోడు ఒక చిన్న బృందాన్ని కూడా ఏర్పాటు చేయండి. ఒక వైద్యుడు, ఒక న్యాయవాది, ఒక కార్మిక నాయకుడు, ఒక అధ్యాపకురాలు, ఒక విశ్రాంత లేబర్ అధికారి చాలు. ఒక్క జిల్లా తీసుకుని, మూడు రంగాల్లో, ఉద్యోగుల పేర్లు బయటపెట్టకుండా, జరిగినది జరిగినట్టు సేకరించి వచ్చే ఏడాది ఇదే వేదిక మీద నివేదిక చదవమనండి. స్వీడన్‌లో లేమన్ ఒక పట్టికతోనే మొదలుపెట్టారు. నేను వచ్చే ఏడాది ఆ నివేదిక వినడానికి శ్రోతగా వస్తాను.